తూకం వేసి కొన్న సెల్స్: ఎనెలూప్ ఏఏ, నాలుగేళ్ల వాడకం

బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్‌లో ఒక ప్లేటింగ్ షాపులో (లోహాల మీద పూత వేసే చోట) నేను ప్రాసెస్ చూసుకుంటాను. సొంతూరు హిందూపురం. ఇనుము మీద జింకు, ఇత్తడి మీద నికెల్, ఆ నికెల్ మీద క్రోమ్, ఇరవై రెండేళ్లుగా ఇదే లోకం. ఇలాంటివాడు రీఛార్జబుల్ సెల్స్ మీద రివ్యూ రాయడమేంటని మా ఆవిడ నవ్వింది. దీనికంతటికీ కారణం పూత మందం కొలిచే మీటరు. దాంట్లో రెండు ఏఏ సెల్స్ పడతాయి. షిఫ్టుకి వందల రీడింగులు తీస్తాం కాబట్టి మామూలు ఆల్కలైన్ జత రెండు మూడు వారాలకే ఖాళీ. స్టోర్స్ కుర్రాడు ప్రతిసారీ "మళ్లీనా సార్?" అన్నట్టు చూసేవాడు.

ఇంట్లోనూ అదే గోల. అమ్మ బీపీ మిషన్‌కి నాలుగు, పాప రైలుబండికి రెండు, కరెంటు పోయినప్పుడు వెతుక్కునే టార్చికి రెండు. ఒక రోజు లెక్కేస్తే ఏడాదికి సెల్స్ మీద పెట్టే డబ్బుతో మంచి మిక్సీ వచ్చేలా ఉంది. సరే, రీఛార్జబుల్‌కి మారదాం అనుకున్నాను.

మొదటిసారి నేనూ అందరిలాగే మోసపోయాను. ఆన్‌లైన్లో ఏదో పేరున్న, నిజానికి ఏ పేరూ లేని సెల్స్, పైన పెద్ద అక్షరాల్లో 3000 ఎంఏహెచ్ (సెల్ ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో చెప్పే కొలత). పక్కనే పానాసోనిక్ వాళ్ల ఎనెలూప్ కనిపించింది. దాని మీద 2000 అనే ఉంది, రేటు మాత్రం రెండింతలకు పైన. ఎక్కువ సరుకు తక్కువ ధరకి వస్తుంటే ఎవరు వదులుతారు? తెప్పించాను. మొదటి నెల బాగానే ఉన్నాయి. మూడో నెలకి ఛార్జర్ నుంచి తీసి మీటర్లో వేస్తే మధ్యాహ్నం టీ లోపు పడుకునేవి. ఇంట్లో వారం వాడకుండా పెట్టిన జత, టార్చిలో వేస్తే మిణుగురు పురుగులా వెలిగింది.

మా ల్యాబులో పూతకి ముందూ తర్వాతా ముక్కల్ని తూచే తక్కెడ ఉంది, మిల్లీగ్రాముల దాకా చూపిస్తుంది. కోపంతో ఆ సెల్‌ని దాని మీద పెట్టాను. 16.8 గ్రాములు. మా బావమరిది పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్. వాడి ఫ్లాష్‌లోని ఎనెలూప్ అడిగి తెచ్చి తూచాను. 26.4 గ్రాములు. అప్పుడు కాగితం తీసుకుని కూర్చున్నాను.

ఈ సెల్స్‌ది నికెల్ మెటల్ హైడ్రైడ్ జాతి. వీటిలో ప్లస్ వైపు ఉండే అసలు సరుకు నికెల్ హైడ్రాక్సైడ్. ఒక గ్రాము నికెల్ హైడ్రాక్సైడ్ పుస్తకం లెక్క ప్రకారం ఇవ్వగలిగింది 289 ఎంఏహెచ్. అంటే 3000 రావాలంటే ఈ ఒక్క పదార్థమే పది గ్రాములు దాటాలి. మైనస్ వైపు హైడ్రోజన్‌ని దాచుకునే మిశ్రలోహం గ్రాముకి దాదాపు 300 ఇస్తుంది, పైగా అది ప్లస్ వైపు కంటే ఎక్కువే ఉండాలి. కాబట్టి అదీ పది గ్రాములకు పైమాటే. రెండూ కలిపి ఇరవై దాటాయి. ఇంకా స్టీలు డబ్బా, ప్లస్ మైనస్ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఉండే గుడ్డ, లోపలి ద్రవం లెక్కలోకే రాలేదు. ఆ సెల్ మొత్తం బరువు పదిహేడు గ్రాములైనా లేదు! అదే లెక్క ఎనెలూప్‌కి వేస్తే 2000కి ఏడు గ్రాముల నికెల్ హైడ్రాక్సైడ్, తొమ్మిది పది గ్రాముల మిశ్రలోహం, మిగతాది డబ్బా గిబ్బా. 26 గ్రాములకి సరిగ్గా సరిపోతుంది. అబద్ధం పట్టుకోవడానికి మీటర్లే అక్కర్లేదు, బంగారు కొట్టు తక్కెడ చాలు.

నికెల్ హైడ్రాక్సైడ్ అంటే నాకు కొత్త కాదు, అదే నవ్వొచ్చే సంగతి. మా షాపులో నికెల్ బాత్ (పూత వేసే ద్రావణం తొట్టి) తర్వాత కడిగిన నీళ్లు ఈటీపీకి, అంటే వ్యర్థ జలాల్ని శుద్ధి చేసే చోటుకి, వెళ్తాయి. అక్కడ కాస్టిక్ సోడా వేసి పీహెచ్ తొమ్మిది దాటించగానే లేత పచ్చని మడ్డి కిందికి దిగుతుంది. గోంగూర రుబ్బి నీళ్లలో కలిపినట్టుంటుంది. అదే నికెల్ హైడ్రాక్సైడ్. మేం దాన్ని వడకట్టి, ఆరబెట్టి, బస్తాలకెత్తి ప్రమాదకర వ్యర్థం కింద పంపించడానికి డబ్బు కట్టుకుంటాం. అదే పదార్థాన్ని శుద్ధంగా, గుండ్రంగా, పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పూసల్లా పెంచితే సెల్ అవుతుంది. మడ్డికీ ఆ పూసలకీ తేడా ఓపికలోనే ఉంది: ద్రావణాలు నెమ్మదిగా కలవాలి, అమ్మోనియా ఉండాలి, పీహెచ్, వేడి గంటల తరబడి కదలకూడదు. ఈ పని చేసేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. మా బాత్‌లో పీహెచ్ ఒక్క పాయింట్ జరిగితే నాకు ఎంత టెన్షనో నాకే తెలుసు.

ఈ పచ్చ సరుకుకి పెద్ద జబ్బు ఒకటుంది. ఛార్జ్ ఎక్కినప్పుడు నల్లబడి నికెల్ ఆక్సీహైడ్రాక్సైడ్ అవుతుంది, అది కరెంటుని కాస్త బాగానే పోనిస్తుంది. డిశ్చార్జ్ అయ్యేకొద్దీ మళ్లీ పచ్చ రకమవుతుంది, అది కరెంటుని పోనివ్వదు. అంటే సెల్ పని చేస్తున్నకొద్దీ తన దారి తానే మూసుకుంటుంది. లోపల సరుకు ఉండగానే కొట్టు షట్టర్ దింపేసినట్టు. సెల్‌లో కరెంటు మోసే చట్రం నికెల్ నురుగు, స్పాంజిలా ఉండే లోహం. దాని రంధ్రాలు వందల మైక్రాన్లు, పూస పది మైక్రాన్లు. ఒక్కో రంధ్రంలో పూసలు కుప్పలుగా ఉంటాయి, చాలావాటికి లోహం తగలదు. నడిమి పూసలో ఉన్న ఎలక్ట్రాన్ బయటికి ఎలా వస్తుంది? పక్క పూస మీదుగా రావాలి. పక్క పూస దారి ఇవ్వకపోతే అక్కడే ఆగుతుంది.

అందుకే పూత. ఒక్కో పూస చుట్టూ కోబాల్ట్ హైడ్రాక్సైడ్ పొర కట్టి, దాన్ని కోబాల్ట్ ఆక్సీహైడ్రాక్సైడ్‌గా మారుస్తారు. ఈ నల్లటి పొర కరెంటుని బాగా మోస్తుంది. హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చే రంగుల సోంపు చూశారు కదా, గింజ చుట్టూ పంచదార, అలాగన్నమాట. అన్ని పూసల పూతలూ ఒకదానికొకటి ఆనుకుని నురుగు దాకా దారి కడతాయి. మా పనిలో పూత తుప్పు పట్టకుండా ఆపడానికి, మెరవడానికి. ఇక్కడ మెరిసినా మెరవకపోయినా ఎవరూ చూడరు. పూసల్లోని సరుకు ఎంత శాతం నిజంగా వాడకంలోకి వస్తుందనేది ఆ కొద్దిపాటి పొర మీదే ఆధారపడుతుంది.

ఈ కోబాల్ట్ దారిని గట్టిగా నిలబెట్టింది 1980ల చివర్లో జపాన్‌లోని యువాసా కంపెనీలో మసహికో ఒషితాని బృందం. అప్పట్లో కోబాల్ట్ సమ్మేళనాన్ని పొడిగా కలిపేవాళ్లు. అది సెల్ లోపలి క్షారంలో కరిగి, మొదటి ఛార్జ్‌లో పూసల మీద నల్లటి పొరగా దిగేది. పని చేసింది, కానీ ఎక్కడ ఎంత మందం దిగుతుందో సెల్ ఇష్టం. పూసలకి ముందే పూత వేసుకుని తర్వాత సెల్‌లో దట్టిస్తే ఆ బాధ తగ్గుతుంది. ప్లేటింగ్ వాడిగా ఇది నాకు వెంటనే ఎక్కింది. బాత్‌లో ఎక్కడ పడితే అక్కడ దిగే పూతకీ, మనం దింపిన చోట దిగే పూతకీ రేటే వేరు.

ఎడిసన్‌కీ ఇదే తలనొప్పి ఉండేదని చదివినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. నికెల్ ఐరన్ బ్యాటరీలో నికెల్ హైడ్రాక్సైడ్‌కి కరెంటు అందక మొదట గ్రాఫైట్ కలిపాడు. అది నిలవలేదు. తర్వాత పలుచని నికెల్ రేకు తునకల్ని, ఈ పచ్చ పొడిని పొర మీద పొరగా వందల పొరలు గొట్టాల్లో దట్టించాడు. ఆ తునకలు ఎలా చేశాడో తెలుసా? డ్రమ్ము మీద ఒక పొర రాగి, ఒక పొర నికెల్, మళ్లీ రాగి, మళ్లీ నికెల్ ప్లేటింగ్ చేసి, ఒలిచి, ముక్కలు కోసి, రాగిని కరిగించేశాడు. మిగిలింది నికెల్ తునకలు. మా కుర్రాళ్లకి ఈ కథ చెప్తే ఒకడు "అంత రాగి కరిగించే పని మన ఓనర్ ఒప్పుకోడు సార్" అన్నాడు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. మైసూర్ బ్యాంక్ సర్కిల్ దగ్గర సెంట్రల్ కాలేజీ ముందు నుంచి ఎన్ని వందల సార్లు బస్సులో పోయానో. అక్కడ పి. విష్ణు కామత్ గారి బృందం ఏళ్ల తరబడి ఈ నికెల్ హైడ్రాక్సైడ్ మీదే పని చేసింది. అల్యూమినియం కలిపి, మామూలుగా క్షారంలో నిలవని ఆల్ఫా అనే ఇంకో రకాన్ని నిలబెట్టిన సంగతి 1994లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ) వాళ్లతో కలిసి అచ్చు వేశారు. మైసూరు రోడ్డు మీద బిడదిలో తయారయ్యే ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో ఉండేది కూడా ఈ నికెల్ మెటల్ హైడ్రైడ్ జాతి బ్యాటరీయే. లిథియం వచ్చాక ఇది పాత సరుకు అనుకునేవాళ్లకి చెప్పొచ్చు.

ఇక కొన్న సంగతి. 2021లో వర్షాకాలం, ఎస్పీ రోడ్డు. బురద, బళ్లు, ఫుట్‌పాత్ మీద వైర్ల చుట్టలు. నేను ఎప్పుడూ సోల్డర్ వైరు కొనే కొట్టు ఒకటుంది, ఓనరుది చిత్తూరు వైపు. తెలుగు వినగానే కాస్త రేటు తగ్గిస్తాడు, తగ్గించినట్టు చెప్తాడేమో కూడా. ఎనెలూప్ నాలుగు సెల్స్ ప్యాకెట్ అడిగితే అద్దం కింది నుంచి తీశాడు, దాంతో పాటే ఒక 3000 రాసిన ప్యాకెట్ కూడా.

"అన్నా, ఇది సగం రేటు. దాంట్లో రెండు వేలే, దీంట్లో మూడు వేలు. కస్టమర్లంతా ఇదే తీసుకుంటారు" అన్నాడు.

సోల్డర్ తూచే తక్కెడ పక్కనే ఉంది. "అన్నా, నాకోసం రెండూ దాని మీద పెట్టు" అన్నాను. పెట్టాడు. ఒకటి 26, ఒకటి 18. మళ్లీ పెట్టి చూశాడు. నేను పైన చెప్పిన లెక్క రెండు ముక్కల్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇది ఖాళీ డబ్బానా?" అన్నాడు. ఆ తర్వాత వెళ్లినా ఆ ప్యాకెట్లు అద్దం కిందే ఉన్నాయి. అమ్మకం అమ్మకమే. కాకపోతే నాకు మాత్రం చూపించడు.

ఎనెలూప్ 2005 నవంబరులో సాన్యో తెచ్చిన సెల్, ఇప్పుడు పానాసోనిక్ పేరుతో వస్తుంది. దీని గొప్ప అల్లా వాడకుండా పెట్టినా ఛార్జ్ జారిపోకపోవడం. అంతకు ముందు రీఛార్జబుల్ సెల్ అంటే నెల తిరిగేసరికి చల్లబడేది. దానికి పూత ఒక్కటే కారణం అని చెప్తే తప్పు. మైనస్ వైపు మిశ్రలోహం మార్చారు, మధ్య గుడ్డని మార్చారు, అన్నీ కలిస్తేనే అది. నేను చేసిన పరీక్ష ఒకటే. పూర్తిగా ఛార్జ్ చేసిన జతని హిందూపురంలో అమ్మ బీరువాలో పెట్టి మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను, పరీక్ష అన్నది తర్వాత పెట్టిన పేరు. పదకొండు నెలల తర్వాత తెచ్చి 500 మిల్లీ ఆంపియర్ల మీద 0.9 వోల్టుల దాకా దింపితే 1,690 ఎంఏహెచ్ వచ్చింది. కొత్తలో అదే సెల్ 1,985 ఇచ్చింది. హిందూపురం ఎండాకాలం కూడా మధ్యలో గడిచింది మరి.

నాలుగేళ్లు, దాదాపు వారానికోసారి ఛార్జింగ్. మీటర్లో తిరిగే జత మొన్న చూస్తే ఒకటి 1,890, ఒకటి 1,875. కంపెనీ 2,100 సార్లు అంటోంది. నా వాడకంతో అది తేలాలంటే నలభై ఏళ్లు పడుతుంది, అప్పటికి రివ్యూ రాయడానికి నేనుండను.

బావమరిది ఫ్లాష్‌లో ఏడేళ్లు నలిగి పోయిన వేరే మంచి రకం సెల్ ఒకటి, నా మూడు వేల దొంగ సెల్ ఒకటి ల్యాబులో కోసి చూశాను. దయచేసి ఇంట్లో ఎవరూ ఈ పని చేయకండి. లోపల పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని తినేస్తుంది, మైనస్ పొడి గాలి తగిలితే వేడెక్కుతుంది. నేను గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, పక్కన బకెట్ నీళ్లు ఉంచుకుని చేశాను. మంచి సెల్‌లో ప్లస్, మైనస్ పట్టీల్ని కలిపి చుట్టిన చుట్ట డబ్బా అంచుదాకా బిగుతుగా ఉంది. డిశ్చార్జ్ అయిన సెల్ కదా, ప్లస్ పట్టీ పచ్చగా ఉంటుందనుకున్నాను. నల్లగా ఉంది, బొగ్గు పొడి రుద్దినట్టు. ఒక్క చిటికెడు గోకి మైక్రోస్కోపు కింద పెడితే ఆవాల్లాంటి గుండ్రటి గింజలు, ఒక్కోటీ నల్లగా. విరిగిన గింజ ఒకటి దొరికింది, లోపల మాత్రం పచ్చ. ఆ గింజ దగ్గర నేను అరగంట కూర్చున్నాను, టీ చల్లారిపోయింది. దొంగ సెల్‌లో చుట్ట వదులుగా, సన్నగా ఉంది. పట్టీ మీద అక్కడక్కడా పచ్చ మచ్చలు. పూత అందని చోట్లు అవే అని నా అనుమానం.

ఎనెలూప్ కూడా నా ఇంట్లో ఒకసారి దెబ్బతింది, తప్పు పూర్తిగా మాదే. పాప రైలుబండి స్విచ్ ఆన్‌లో ఉంచి మంచం కిందికి తోసేసింది. దసరా సెలవులకి ఊరెళ్లి పది రోజుల తర్వాత వచ్చాం. రెండు సెల్స్ వరసలో ఉన్నప్పుడు ముందు ఖాళీ అయినదాన్ని రెండోది తిరగేసి నడిపిస్తుంది, ప్లస్ మైనస్ అవుతుంది. పైగా వోల్టేజ్ బాగా కిందికి పడితే ఆ కోబాల్ట్ పూతే మారిపోయి క్షారంలో కరగడం మొదలుపెడుతుంది. దారి ఒకసారి తెగితే మళ్లీ అలాగే దిగదు. ఆ జతలో ఒకటి పూర్తిగా పోయింది. రెండోదాన్ని నాలుగైదు సార్లు ఛార్జ్ చేసి దింపితే 1,310 దగ్గర ఆగింది. కాబట్టి పిల్లల బొమ్మలకి పెడితే స్విచ్ మీద కన్నుండాలి. బొమ్మ నెమ్మదించిందంటే తీసేయడమే.

ఛార్జర్ విషయంలో పిసినారితనం వద్దు. గంటల లెక్కన ఆగే చవక రకం, లేదా జతలుగానే ఛార్జ్ చేసే రకం ఈ సెల్స్‌ని చంపుతుంది. నిండిన తర్వాత కూడా తోస్తూ ఉంటే ప్లస్ వైపు సరుకు ఉబ్బుతుంది, ఉబ్బితే లోపలి ద్రవాన్ని పీల్చేస్తుంది. నాలుగు గుంటలూ దేనికది చూసుకునేది, నిండగానే వోల్టేజ్ కాస్త దిగడం గమనించి ఆపేది కొనండి. అది సెల్స్ కంటే ఖరీదు, నేనూ మూలిగే కొన్నాను. ఎండాకాలం మధ్యాహ్నం డాబా గదిలో ఛార్జింగ్ పెట్టకండి, వేడిలో ఛార్జ్ సరిగా ఎక్కదు.

ఎక్కడ వాడొద్దో కూడా చెప్పాలి. టీవీ రిమోట్‌కి ఇంత ఖర్చు దండగ, పదిహేను రూపాయల సెల్ ఏడాది నడుస్తుంది. ఇవి 1.2 వోల్టులు, ఆల్కలైన్ 1.5. కొన్ని మిషన్లు ఆ తేడాకే కంగారుపడతాయి. మా మీటరు సగం ఛార్జ్ ఉండగానే ఎర్ర గుర్తు చూపిస్తుంది, పట్టించుకోకుండా ఇంకో మూడు రోజులు వాడతాం. అమ్మ బీపీ మిషన్ మాత్రం ఏ పేచీ పెట్టలేదు. ఫ్లాష్‌కైతే ఇంతకు మించింది లేదని బావమరిది మాట: "ఆల్కలైన్ వేస్తే తాళి కట్టేటప్పుడు రెండో ఫ్లాష్‌కి ఎదురు చూడాలి బావా, వీటికి అక్కర్లేదు." ఒక్కసారిగా ఎక్కువ కరెంటు గుంజే చోటే ఆ పూత దారుల విలువ తెలిసేది.

ఐదుకి నాలుగున్నర చుక్కలు ఇస్తాననుకోండి, ఆ అర ఎందుకు తగ్గించానో నాకే తెలియదు. నేను నా ఎనిమిది సెల్స్‌కి ఇచ్చిన డబ్బు రెండో ఏడాదిలోనే తిరిగొచ్చింది. స్టోర్స్ కుర్రాడు ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నాడు, వాడి ఇంటికీ ఒక ప్యాకెట్ కొన్నాడట.

ఆ 1,310 సెల్‌ని పారేయబుద్ధి కాలేదు. హాల్లో గోడ గడియారంలో పెట్టాను. గడియారానికి రీఛార్జబుల్ దండగ అని నాకూ తెలుసు, కానీ దాని దారులు సగం తెగినా అది అడిగే కరెంటుకి ఆ పాటి చాలు. ఎనిమిది నెలలైంది, ఇంకా తిరుగుతోంది. రోజుకి అర నిమిషం ముందుకి పోతోంది, అది గడియారం జబ్బు.